టెలిఫోన్ కనిపెట్టిన టీచర్



మీ ఇంట్లో టీవీ వెనకో, బీరువా పక్కనో గోడకు ఒక చిన్న తెల్ల డబ్బా ఉందేమో చూడండి. లైన్‌మెన్ దాన్ని రోజెట్ అంటారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఓ పదిహేనేళ్లకు పైబడిన ఇళ్లలో చాలావాటికి అది ఉంటుంది. ఫోన్ తీసేసినా డబ్బా మాత్రం రంగుల మీద రంగులు వేయించుకుంటూ అక్కడే ఉండిపోతుంది. దాని మూత విప్పితే రెండు సన్నటి రాగి తీగలు కనిపిస్తాయి. వాటి మీది తొడుగును ఇంకొంచెం వెనక్కి లాగితే ఆ రెండూ జడలా ఒకదానికొకటి మెలివేసుకుని ఉంటాయి.

ఆ మెలికకు 1881లో పేటెంట్ తీసుకున్నది అలెగ్జాండర్ గ్రాహం బెల్. టెలిఫోన్ బెల్‌దని మన పిల్లలు జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో ఒక్క లైనులో చదువుకుంటారు. ఆయన వృత్తి ఏమిటో ఆ లైనులో ఉండదు. ఆయన ఇంజనీరు కాదు. వినికిడి లేని పిల్లలకు చదువు చెప్పే టీచర్. ఈ నెల ఆయన కథ రాస్తున్నాను. మధ్యలో మన ఇంటి వైర్ల సంగతి కూడా వస్తుంది, ఎందుకంటే ఆయన జీవితాన్ని ఆ వైర్ల నుంచి విడదీయడం కష్టం.

బెల్ 1847 మార్చి 3న స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. తాత, తండ్రి ఇద్దరూ ఉచ్చారణ నేర్పే మాస్టార్లు. నోట్లో నాలుక ఎక్కడ ఉంటే ఏ శబ్దం వస్తుందో బొమ్మల్లాంటి గుర్తులతో రాసే ఒక లిపిని తండ్రి మెల్విల్ బెల్ తయారు చేశాడు. తల్లి ఎలైజాకు చెవులు దాదాపు వినిపించవు. అయినా పియానో వాయించేది, కొడుకుకు మొదటి పాఠాలు ఆమే చెప్పింది. మిగతావాళ్లు ఆమె చెవి దగ్గర గొట్టం పెట్టి గట్టిగా అరిచేవాళ్లు. ఈ అబ్బాయి మాత్రం ఆమె నుదుటికి దగ్గరగా నోరు పెట్టి చిన్న గొంతుతో మాట్లాడేవాడు, ఆ కంపనం ఆమెకు తెలిసేది. ఇంట్లో నలుగురూ మాట్లాడుకుంటుంటే ఆ మాటల్ని వేళ్లతో అక్షరాలు చూపిస్తూ ఆమెకు అందించేవాడు. శబ్దం అంటే కదలిక అని ఆయన పుస్తకంలో చదవకముందే అమ్మ నుదుటి దగ్గర తెలుసుకున్నాడు.

చదువులో ఎలా ఉండేవాడు అని మీరు అడుగుతారని తెలుసు. అంతంతమాత్రం. పదిహేనేళ్లకే హైస్కూల్ నుంచి బయటికొచ్చాడు, చెప్పుకోదగ్గ మార్కులు ఏమీ లేవు. కానీ చేతులు ఊరుకునేవి కావు. మిర్యాలగూడ రైస్ మిల్లుల వాళ్లకు ఈ ముక్క నచ్చుతుంది. ఆయన మొదటి యంత్రం గోధుమల పొట్టు తీసేది! స్నేహితుడి తండ్రికి పిండిమర ఉండేది. అల్లరి చేస్తున్నారని ఆయన ఇద్దరినీ మందలించి, ఏదైనా పనికొచ్చేది చేయమన్నాడు. పన్నెండేళ్ల బెల్ తిరిగే రెక్కలకు గరుకు బ్రష్షులు బిగించి గోధుమల పొట్టు ఊడే ఏర్పాటు చేశాడు. ఆ మిల్లులో కొన్నేళ్లపాటు దాన్నే వాడారు.

తర్వాత అన్నతో కలిసి మాట్లాడే బొమ్మ ఒకటి చేశాడు. రబ్బరు పెదవులు, నాలుక, గొంతు అన్నీ పెట్టి గాలి ఊదితే అది పసిపిల్లలా అమ్మను పిలిచేది. పెంపుడు కుక్క దవడలు చేత్తో కదిలిస్తూ దాని గుర్రును మాటల్లాగా మార్చడం కూడా అప్పుడే. (దయచేసి పిల్లలకు ఈ ప్రయోగం చదివి వినిపించకండి.) పదహారేళ్లకు ఒక బోర్డింగ్ స్కూల్లో సంగీతం, ఉచ్చారణ చెప్పే టీచరయ్యాడు. క్లాసులో కొందరు విద్యార్థులు వయసులో ఆయన కంటే పెద్దవాళ్లు.

ఆ ఇంట్లో క్షయ దిగింది. 1867లో తమ్ముడు ఎడ్వర్డ్, 1870లో అన్న మెల్విల్ పోయారు. ముగ్గురు కొడుకుల్లో మిగిలింది ఈయనొక్కడే, ఈయన ఆరోగ్యమూ అంతంతమాత్రమే. తల్లిదండ్రులు ఉన్నదంతా సర్దుకుని, మిగిలిన బిడ్డను కాపాడుకోవడానికి కెనడా వెళ్లిపోయారు. బ్రాంట్‌ఫర్డ్ అనే ఊళ్లో ఇల్లు తీసుకున్నారు. అక్కడ గాలి మారి ఆయన కోలుకున్నాడు. 1871లో అమెరికాలోని బోస్టన్‌లో, వినికిడి లేని పిల్లల బడిలో పనికి చేరాడు. రెండేళ్లకు బోస్టన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాడు. ప్రైవేటు ట్యూషన్లు కూడా చెప్పేవాడు.

టెలిఫోన్ పుట్టుకలో తల్లిదండ్రుల పాత్ర ఇక్కడే మొదలవుతుంది. ట్యూషన్ పిల్లల్లో జార్జి సాండర్స్ అనే అయిదేళ్ల పిల్లవాడు ఉండేవాడు, పుట్టుకతోనే వినికిడి లేదు. బెల్ ఆ పిల్లవాడి నాయనమ్మ ఇంట్లోనే ఉంటూ పాఠాలు చెప్పాడు. అద్దె, భోజనం ఆ ఇంటివాళ్లవే. రాత్రిళ్లు ఆ ఇంటి అడుగు గదిలో తీగలు, అయస్కాంతాలు పెట్టుకుని కూర్చునేవాడు. ఇంకో విద్యార్థిని మేబెల్ హబ్బర్డ్, అయిదేళ్ల వయసులో స్కార్లెట్ జ్వరం వచ్చి వినికిడి పోయిన అమ్మాయి. జార్జి తండ్రి తోలు వ్యాపారి, మేబెల్ తండ్రి లాయరు. ఈ ఇద్దరు పేరెంట్సే ఆయన ప్రయోగాలకు డబ్బు పెట్టారు. వాళ్లకు కావలసింది మాట్లాడే యంత్రం కాదు. ఒకే తీగ మీద ఒకేసారి అనేక టెలిగ్రాములు పంపే పద్ధతి. అందులో లాభం ఉంది. మనిషి గొంతును తీగలో పంపడం అప్పటికి వాళ్ల దృష్టిలో మాస్టారి పిచ్చి.

1875 జూన్ 2న ఆ పిచ్చికి దారి దొరికింది. పక్క గదిలో సహాయకుడు థామస్ వాట్సన్ ఇరుక్కుపోయిన ఒక స్టీలు పట్టీని వేలితో మీటాడు. ఈ గదిలో బెల్ చెవికి ఆ మోత ఉన్నదున్నట్టు వినిపించింది. ఇంకొకరైతే యంత్రం పాడైందనుకునేవారు. గొంతులోని హెచ్చుతగ్గుల్ని కరెంటులోని హెచ్చుతగ్గులుగా మార్చవచ్చని బెల్‌కు అర్థమైంది. 1876 ఫిబ్రవరి 14న పేటెంట్‌కు దరఖాస్తు వెళ్లింది. అదే రోజు ఎలీషా గ్రే అనే మరో ఆవిష్కర్త కూడా అదే ఆలోచనతో కాగితాలు ఇచ్చాడు. మార్చి 7న పేటెంట్ బెల్‌కు వచ్చింది. మూడు రోజుల తర్వాత, మార్చి 10న, పక్క గదిలో ఉన్న వాట్సన్‌ను రమ్మని ఆయన పిలిచిన పిలుపు తీగ గుండా స్పష్టంగా చేరింది. ఈ పేటెంట్ మీద తర్వాత వందల కేసులు నడిచాయి, 1888లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి బెల్ పక్షమే గెలిచింది. మొదటివాడు ఎవరన్న వాదన మాత్రం ఇప్పటికీ ఆగలేదు.

ఆ జూన్‌లో ఫిలడెల్ఫియాలో పెద్ద ఎగ్జిబిషన్. బెల్ వెళ్లనన్నాడు. కారణం చెబితే మన టీచర్లంతా నవ్వుకుంటారు: పిల్లలకు పరీక్షలున్నాయి! అప్పటికి కాబోయే భార్య అయిన మేబెల్ ఆయన్ని స్టేషన్ దాకా తీసుకెళ్లి, బతిమాలి, కన్నీళ్లు పెట్టుకుని రైలెక్కించింది. అక్కడ జడ్జీలు ఎండకు అలిసిపోయి ఈయన బల్ల దాకా రాకుండానే వెళ్లిపోబోయారు. వాళ్లతో ఉన్న బ్రెజిల్ చక్రవర్తి రెండో పెడ్రో ఆయన్ని గుర్తుపట్టాడు. అంతకుముందు బోస్టన్‌లో వినికిడి లేని పిల్లల చదువు చూడటానికి వెళ్లినప్పుడు బెల్‌ను కలిసి ఉన్నాడు. అందుకే ఆగాడు, రిసీవర్ చెవికి పెట్టుకుని ఉలిక్కిపడ్డాడు. మరుసటి ఏడాది జులైలో కంపెనీ ఏర్పడింది, రెండు రోజులకే మేబెల్‌తో పెళ్లి. తనకు పది షేర్లు మాత్రం ఉంచుకుని మిగతావన్నీ ఆయన పెళ్లికానుకగా ఆమెకు ఇచ్చేశాడు. ఆ ఫోన్‌లో ఒక్క మాట కూడా ఆమె ఎన్నడూ వినలేదు.

మన దేశంలో 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్‌ఛేంజీలు తెరిచారు. ఫోన్ పుట్టిన ఆరేళ్లకే అన్నమాట.

ఇక మెలిక సంగతి. మొదటి ఫోన్లకు ఒకటే తీగ. కరెంటు తిరిగి రావడానికి భూమినే రెండో తీగగా వాడేవాళ్లు. పక్కన టెలిగ్రాఫ్ తీగ ఉంటే దాని టకటకలన్నీ ఇందులో దూరేవి. బెల్ ఆలోచించిన ఉపాయం త్రాసు లాంటిది. త్రాసు రెండు పళ్లాల్లోనూ ఒకే బరువు వేస్తే ముల్లు కదలదు కదా. రెండు తీగలు పెట్టి, వాటిని మెలివేస్తే, బయటి అలజడి రెండింటి మీదా సమానంగా పడుతుంది. ఫోన్ వినేది ఆ రెండు తీగల మధ్య తేడాను మాత్రమే. సమానంగా పడింది కొట్టుకుపోతుంది, గొంతు మిగులుతుంది. ఇంతే. నూట నలభై ఏళ్లు దాటినా దీనికి మెరుగైన చవక మార్గం రాగి తీగకు దొరకలేదు.

మీ ఇంట్లో నెట్ సతాయించే చోట చాలాసార్లు పాడయ్యేది ఈ త్రాసే. హాల్లోని రోజెట్ నుంచి బెడ్‌రూమ్‌కు ఎక్స్‌టెన్షన్ కావాలనుకుంటాం. మెలిక లేని బల్లపరుపు వైరు తెచ్చి, పైపు ఆదా అవుతుందని కరెంటు వైర్ల పక్కనే లాగిస్తాం. ఇన్వర్టర్ ఆన్ అయినప్పుడల్లా ఫోన్‌లో గుంయ్ మంటుంది, నెట్ తెగుతుంది. అది ప్రమాదం కూడా. పాడైన తొడుగు దగ్గర 230 వోల్టులు ఫోన్ తీగకు తగలవచ్చు. ఫోన్ వైరుకు వేరే పైపు వేయించండి, మెలివేసిన జత వైరే వాడమనండి.

పాత రాగి లైను మీదే బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఒకే తీగ మీద గొంతు కింది స్థాయిలో, ఇంటర్నెట్ పై స్థాయిలో వెళతాయి. వాటిని విడదీసే చిన్న డబ్బా స్ప్లిటర్. ఎక్స్‌టెన్షన్‌ను ఎప్పుడూ స్ప్లిటర్‌లో ఫోన్ వైపు నుంచే తీయాలి. దానికి ముందే తీస్తే, ఎవరో బెడ్‌రూమ్‌లో ఫోన్ ఎత్తగానే హాల్లో క్లాస్ ఆగిపోతుంది. 2020లో ఆన్‌లైన్ క్లాసులప్పుడు స్క్రీన్ మీద పిల్లలు బొమ్మల్లా బిగుసుకుపోతుంటే ఎన్ని ఇళ్లలో కారణం ఇదే అయి ఉంటుందో. వాడని గదికి వెళ్లే తోక వైరును కూడా తీసేయించండి. సిగ్నల్ దాని చివరి దాకా వెళ్లి తిరిగొచ్చి అసలు సిగ్నల్‌ను చెడగొడుతుంది.

తప్పు మన ఇంట్లో ఉందా, బయట ఉందా అని తెలుసుకోవడం తేలికే. ఎక్స్‌టెన్షన్లన్నీ ఊడదీసి, లైను ఇంట్లోకి వచ్చే మొదటి డబ్బాకే మోడెమ్ పెట్టి చూడండి. నెట్ బాగుంటే లోపం మీ గోడల్లో ఉంది. బాగాలేకపోతే కంప్లైంట్ రాయించండి. ఒక జాగ్రత్త: రింగ్ వచ్చేటప్పుడు ఆ సన్నటి తీగల్లో 75 వోల్టుల దాకా ఉంటుంది, మూత విప్పిన డబ్బా దగ్గర పిల్లల్ని ఉంచకండి.

రౌటర్ నుంచి కంప్యూటర్‌కు వెళ్లే నీలం ల్యాన్ కేబుల్‌ను ఎప్పుడైనా కోసి చూశారా? ఎనిమిది తీగలు, నాలుగు జతలు. ఒక్కో జతకు మెలిక ఒక్కో బిగువులో ఉంటుంది, పక్క జత మాటలు ఇందులోకి రాకుండా. క్లిప్ కొట్టేవాళ్లు తొందరలో ఈ మెలికల్ని ఎక్కువగా విప్పేస్తారు. అర అంగుళం దాటి విప్పకూడదు. 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా కంప్యూటర్‌లో వంద దాటడం లేదంటే, ఆ నాలుగు జతల్లో ఒకటి తెగిందేమో మొదట చూడండి.

ఫైబర్ వచ్చాక బెల్‌తో సంబంధం తెగిపోయిందనుకోకండి. 1880 జూన్‌లో, మెలిక పేటెంట్‌కు ఏడాది ముందే, ఆయన వాషింగ్టన్‌లో గొంతును వెలుతురు మీద పంపాడు. సహాయకుడు టెయింటర్ ఫ్రాంక్లిన్ స్కూల్ అనే బడి భవనం పైకెక్కి నిలబడ్డాడు. అతను మాట్లాడితే పల్చటి అద్దం వణికింది. దాని మీద పడి తిరిగే సూర్యకాంతి కూడా వణికింది. రెండు వందల మీటర్ల అవతల కిటికీలో బెల్ ఆ కాంతిని సెలీనియం మీద పట్టి మాటలు విన్నాడు. దీన్ని ఫోటోఫోన్ అన్నాడు. టెలిఫోన్ కన్నా ఇదే గొప్పదని ఆయన అభిప్రాయం. అప్పుడే పుట్టిన రెండో కూతురికి ఆ పేరు పెట్టాలని సరదా పడితే మేబెల్ ఒప్పుకోలేదని చెబుతారు, ఆ పాప అదృష్టం. మబ్బు పడితే ఆగిపోయే ఆ యంత్రం అప్పట్లో ఎవరికీ పనికిరాలేదు. ఎండకు బదులు లేజర్, గాలికి బదులు వెంట్రుకంత సన్నటి గాజు పోగు వచ్చాక అదే ఆలోచన మన హైవే పక్కన మట్టిలో పరుగెడుతోంది. ఇంట్లోని ఫైబర్ డబ్బాలో ఎల్‌ఓఎస్ అనే లైటు ఎర్రగా వెలిగితే వెలుతురు మీ దాకా రావడం లేదని అర్థం. టీవీ యూనిట్ వెనక ఆ పోగును మడత పెట్టారేమో చూడండి. కొసలోకి కన్ను పెట్టి మాత్రం చూడకండి, ఆ కాంతి కంటికి కనపడదు గానీ హాని చేస్తుంది.

ఇంతవరకు అందరికీ నచ్చే బెల్. రెండో బెల్ గురించి కూడా చెప్పాలి.

వినికిడి లేని పిల్లలు నోటితోనే మాట్లాడాలి, పెదవులు చూసి అర్థం చేసుకోవాలి, బడిలో సైగల భాష ఉండకూడదు అన్న వాదానికి అమెరికాలో పెద్ద గొంతు ఆయనదే. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన టీచర్ల సమావేశం కూడా ఇదే తీర్మానించింది. తర్వాత చాలా దేశాల బడుల్లో సైగలు చేసిన పిల్లల్ని శిక్షించారు, వినికిడి లేని టీచర్ల ఉద్యోగాలు పోయాయి. 1883లో బెల్ ఒక పత్రం చదివాడు. వినికిడి లేనివాళ్లు తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటే అటువంటి పిల్లలే ఎక్కువవుతారని, వాళ్లను ఒకచోట చేర్చే బడులు, సైగల భాష, వినికిడి లేని టీచర్లు తగ్గాలని అందులో వాదించాడు. ఆయనకు సైగలు రాక కాదు. బాగా వచ్చు. తల్లికి వేళ్లతోనే మాటలు అందించిన మనిషి. వాళ్లను లోకంలో అందరితో కలపాలన్నది ఆయన ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని నేను నమ్ముతాను. ఫలితాన్ని సమర్థించలేను. తర్వాతి తరాల్లో ఎంతోమంది పిల్లలు సరిగా మాట రాక, సైగలూ అందక, ఏ భాషా లేకుండా పెరిగారు. మిలాన్ తీర్మానం తప్పని టీచర్ల అంతర్జాతీయ సమావేశం ఒప్పుకుని విచారం తెలపడానికి 2010 దాకా పట్టింది.

ఇంగ్లిష్ మీడియం టీచర్‌గా ఈ భాగాన్ని నేను తొందరగా దాటలేను. పేరెంట్స్ మీటింగుల్లో కొందరు అడుగుతుంటారు, ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడాలా, నాయనమ్మతో తెలుగు మాన్పించాలా అని. మాన్పించకండి. పిల్లవాడు లెక్క అర్థం కాలేదని, కడుపునొప్పి అని, బస్సులో ఎవరో కొట్టారని మొదట చెప్పేది తనకు వచ్చిన భాషలోనే. ఆ భాష తీసేస్తే ఇంగ్లిష్ తొందరగా రాదు, చెప్పడం మానేస్తాడు, అంతే. ఇంగ్లిష్ నేర్పే పని మాది, అది మేం చేస్తాం.

ఇదే బెల్ దగ్గరికి 1886లో అలబామా నుంచి ఒక తండ్రి చూపు, వినికిడి రెండూ లేని ఆరేళ్ల కూతుర్ని తీసుకొచ్చాడు. బెల్ ఆ పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని తన గడియారం మోగేలా చేసి చేతికిచ్చాడు. తర్వాత బోస్టన్‌లోని పర్కిన్స్ సంస్థకు రాయమని తండ్రికి దారి చూపాడు. అక్కడి నుంచి 1887 మార్చిలో ఆన్ సలివాన్ అనే యువ టీచర్ వాళ్లింటికి వచ్చింది. ఆ పాప హెలెన్ కెల్లర్. సలివాన్ ఆమెకు మాటలు నేర్పింది అరచేతిలో వేళ్లతో అక్షరాలు రాసి! హెలెన్ తన ఆత్మకథను బెల్‌కే అంకితం ఇచ్చింది. ఒకే మనిషిలో ఈ రెండూ ఎలా పట్టాయో నాకు అర్థం కాదు.

ఆయన ఇంట్లోనూ దుఃఖం ఉంది. ఇద్దరు కొడుకులు పుట్టి, పసిగుడ్లుగానే పోయారు. పెద్ద కొడుకు 1881లో ఊపిరి అందక పోతే, ఆ దుఃఖంలోనే ఊపిరి ఆడించే ఒక లోహపు కవచం తయారు చేశాడు. చివరి ముప్పై ఏళ్లలో ఎక్కువ కాలం కెనడా తూర్పు తీరంలోని బెన్ బ్రియా అనే కొండ మీద గడిపాడు. గాలిపటాలు, విమానాలు, నీటి మీద లేచి పరుగెత్తే పడవ, ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాడు. చదువుకునే గదిలో మాత్రం టెలిఫోన్ పెట్టనివ్వలేదు. పనికి అడ్డమట. హోంవర్క్ బల్ల మీద సెల్‌ఫోన్ ఉండాలా అని మీ ఇంట్లో గొడవైతే ఈ సంగతి పనికొస్తుంది.

1922 ఆగస్టు 2 తెల్లవారుజామున, షుగర్ జబ్బు ముదిరి, ఆయన చివరి గంటల్లో ఉన్నాడు. తనను విడిచి వెళ్లవద్దని మేబెల్ అడిగింది. అప్పటికి గొంతు పోయింది. ఆమె చేతిలో వేళ్లతో, వెళ్లనని సైగ చేసి ఆయన కన్నుమూశాడని చెబుతారు. ఆగస్టు 4న కొండ మీద అంత్యక్రియలు జరుగుతుండగా ఉత్తర అమెరికాలో టెలిఫోన్లన్నీ ఒక నిమిషం పాటు ఆపేశారు. అయిదు నెలలకు, 1923 జనవరిలో మేబెల్ కూడా పోయింది. ఇద్దరి సమాధి ఆ కొండ మీదే ఉంది.